విశాఖ నుంచి చెన్నైకి తెరచాప పడవ: రోజుకో చోట ఆగుతూ వెళ్లడం కుదురుతుందా?

కొత్త_తెరచాప
పడవ 33 అడుగులది, ఫైబర్ బాడీ, ఫిన్ కీల్ (అడుగున రెక్కలా దిగిన బరువు), డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగే లోతు) 1.6 మీటర్లు. ఇంజను రెండు సిలిండర్ల డీజిల్, 18 హార్స్‌పవర్, ట్యాంకు 70 లీటర్లు. మనుషులం ముగ్గురం. విశాఖ నుంచి చెన్నై చేర్చాలి. నా ప్లాను ఇది: రోజూ తెల్లారగానే బయలుదేరి 35, 40 మైళ్లు నడిపి, చీకటి పడేలోపు ఏదో ఒక నది మొగలోనో, ఫిషింగ్ హార్బర్‌లోనో లంగరు వేసి పడుకోవడం. మ్యాపులో చూస్తే కాకినాడ, అంతర్వేది, మచిలీపట్నం, నిజాంపట్నం, చీరాల ఓడరేవు, కృష్ణపట్నం వరసగానే ఉన్నాయి. ఏప్రిల్ నెలాఖరున మొదలుపెడదామని ఉంది. అప్పుడు గాలి దక్షిణం వైపు నుంచి ఉంటుందంటున్నారు. అంత తేడా పడుతుందా? ఆగడానికి పనికొచ్చే చోట్లు తెలిసినవాళ్లు వరసగా రాయండి.

సరంగు_కాకినాడ
వరస చాలా చిన్నది బాబూ. కాకినాడ. అంతే.

ఈశాన్యం
"అంత తేడా పడుతుందా" అన్నారు కాబట్టి లెక్కే వేద్దాం. విశాఖ నుంచి చెన్నైకి గీత గీస్తే సుమారు 325 నాటికల్ మైళ్లు. ఏప్రిల్‌లో మీకు ఎదురుగాలి. ఏ తెరచాప పడవా నేరుగా గాలిలోకి వెళ్లదు, 45 డిగ్రీలు పక్కకి పెట్టి అటూ ఇటూ కోసుకుంటూ పోవాలి. అంటే దూరం 1.4 రెట్లు అవుతుంది, 455 మైళ్లు. పడవ 5 నాట్లు (గంటకి 5 నాటికల్ మైళ్లు) నడిచినా చెన్నై వైపు మిగిలేది 3.5. అక్కడితో అయిపోలేదు. ఫిబ్రవరి నుంచి మే వరకు మన తీరం వెంట నీరు ఉత్తరానికి పారుతుంది, మార్చి ఏప్రిల్‌లలో దాని జోరు ఎక్కువ, ఒక నాట్ పైనే. అది తీసేస్తే 2.5 నాట్లు. 325ని 2.5తో భాగించండి: 130 గంటలు. ఐదున్నర రోజులు, అదీ ఏమీ చెడకపోతే.

అదే డిసెంబరు చివరి నుంచి జనవరి నెలాఖరు లోపు అయితే ఈశాన్య గాలి 10 నుంచి 18 నాట్లు వెనక నుంచి, పక్క నుంచి తోస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి పారే నీరు అప్పటికి నెమ్మదిస్తుంది, కానీ ఎదురు తిరగదు. 5 నాట్లతో 65 గంటలు. సగం.

తుఫాన్ల సంగతి వేరే చెప్పాలా? బంగాళాఖాతానికి రెండు సీజన్లు: ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబరు నుంచి డిసెంబరు. మీరు ఏరి కోరి మొదటి దాని గుమ్మంలో నిలబడుతున్నారు.

హుస్సేన్‌సాగర్_లేజర్
నాట్లు అనగానే ముందు వరి నాట్లు గుర్తొచ్చి, ఎకరానికి ఎన్ని అనుకున్నా 😀

మచిలీ_బుల్లోడు
ఈశాన్యం గారు ఒక వైపే చెప్పారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. రాత్రి పూట వలల్లో చిక్కుకునే భయం పదింట తొమ్మిది వంతులు పోతుంది. ఈ తీరంలో వాలుగాలి కన్నా వల లేని సముద్రం గొప్ప వరం.

ఈశాన్యం
వల కీల్‌కి తగిలితే ఒక పూట పోతుంది. వాయుగుండం తగిలితే దాక్కోవడానికి చోటు ఏది? విశాఖ వదిలాక చెన్నై దాకా 1.6 మీటర్ల పడవకి గాలివానలో లోపలికి రాగలిగే రేవులన్నీ వ్యాపార ఓడరేవులే. అనుమతి సంగతి అలా ఉంచండి, పెద్ద కెరటాల్లో వాటి ముఖద్వారం దాటడమే ఒక పరీక్ష.

సరంగు_కాకినాడ
మచిలీ చెప్పింది అబద్ధం కాదు. నిషేధంలో సోనా బోట్లు (మరబోట్లు) కదలవు. కానీ చేతి తెడ్డు తెప్పలు తిరుగుతూనే ఉంటాయి, వాటికి లైటూ ఉండదు, రాడార్‌కీ అందవు. రాత్రి ఒడ్డుకి ఐదారు మైళ్ల లోపల ఉంటే వాటి మీదకి ఎక్కేస్తారు. ఏ నెల అయినా ఒడ్డు వెంబడి రాత్రి ప్రయాణం వద్దు.

ఇక మొగల సంగతి. ప్రతి వరదకీ ఇసుక మేట జరుగుతుంది. నిరుడు దారి ఉన్న చోట ఈ ఏడు దిబ్బ ఉంటుంది. జాలర్ల ఫైబర్ బోటు అర మీటరు నీళ్లలో పోతుంది, మోటారు పైకెత్తి కెరటం వీపున జారుకుంటూ లోపలికి వచ్చేస్తుంది. అది చూసి మీ కీల్ పడవ వెంట వస్తే కెరటానికీ కెరటానికీ మధ్య పల్లంలో కీల్ నేలకి కొట్టుకుంటుంది, తర్వాతి కెరటం అడ్డంగా తిప్పేస్తుంది. అణియం ఎటు ఉందో అమరం ఎటు ఉందో తెలిసేలోపు పని అయిపోతుంది.

హుస్సేన్‌సాగర్_లేజర్
అణియం, అమరం నిఘంటువులో వెతుక్కున్నా. పడవ ముందు, వెనక. ఇన్నేళ్లూ బౌ, స్టెర్న్ అంటూ బతికేశాం.

దీపస్తంభం
సరంగు గారి మాటకి చిన్న చేర్పు. సముద్రం వైపు నుంచి చూస్తే విరిగే కెరటాల వీపు మాత్రమే కనిపిస్తుంది, అది నున్నగా, సౌమ్యంగా ఉంటుంది. నురగ అవతలి పక్క. అందుకే బయటి నుంచి "ఏం లేదు, ప్రశాంతంగా ఉంది" అనిపిస్తుంది. పాటు నీరు బయటికి లాగుతున్నప్పుడు ఎదురుగా కెరటం వస్తే అది నిటారుగా లేచి విరుగుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి ముదిరాక పాటు కలిస్తే ఇంకా పాడు. విశాఖ, కాకినాడ వైపు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటర్లు, చెన్నైలో మీటరు చిల్లర. 1.6 మీటర్ల డ్రాఫ్ట్‌ని మేట దాటించడానికి ఆ పోటు ఒక్కటే చాలదు.

లంకావి_బాబు
కొత్త_తెరచాప గారి ప్లాను లంకావి, ఫుకెట్ మధ్యకి సరిగ్గా సరిపోతుంది. అక్కడ 10, 20 మైళ్లకో దీవి, గాలి ఎటు తిరిగితే దాని అవతలి పక్కకి పోయి లంగరు వేసుకోవచ్చు. రాత్రి ప్రయాణమే అక్కర్లేదు. మన కోస్తాకి అలాంటి దీవులు లేవు. తిన్నటి ఇసుక ఒడ్డు, దాని మీదకి ఏడాది పొడుగునా కెరటం. అక్కడి క్రూజింగ్ వీడియోలు చూసి ఇక్కడికి ప్లాను గీస్తే నేల విడిచి సాము.

కొత్త_తెరచాప
సరే, ఏప్రిల్ వదిలేశా. జనవరి. మొగలూ వదిలేశా. కాకినాడలో మాత్రం ఆగుతా. లంగరు ఎక్కడ, ఎలా?

సరంగు_కాకినాడ
హోప్ ఐలాండ్ లోపలి పక్క. దక్షిణం నుంచి ఉత్తరానికి పొడుగ్గా సాగిన ఇసుక దిబ్బ అది, తూర్పు నుంచి వచ్చే కెరటాన్ని అడ్డుకుంటుంది. దిబ్బ ఉత్తరపు కొస ఇంకా పెరుగుతూనే ఉంది, కాబట్టి పాత చార్టులో కొస ఉన్న చోటు నమ్మకండి, దూరంగా చుట్టి రండి. లోపల అంతా బురద. దక్షిణంగా కోరంగి మడల వైపు పోయే కొద్దీ లోతు తగ్గిపోతుంది, 4 మీటర్లు చూపించగానే ఆగండి. ఓడల దారిలో, బార్జీల దారిలో ఆగొద్దు. ఈశాన్య గాలి గట్టిగా ఉంటే ఉత్తరం తెరిచి ఉంది కాబట్టి పొట్టి అలలు లోపలికి వస్తాయి, పడవ ఊగుతుంది. భయం లేదు, నిద్ర మాత్రం ఉండదు.

లంగరు_లక్ష్మి
బురదలో లంగరు వేసే పద్ధతి వేరు. ఇసుకలో లాగా పడేసి వెంటనే ఇంజను వెనక్కి తోస్తే దున్నుకుంటూ వచ్చేస్తుంది.

ముందు గొలుసు లెక్క. లోతు 4 మీటర్లు, పోటుకి పెరిగేది 1.5, నీటి మట్టం నుంచి పడవ ముందుభాగం ఎత్తు 1. మొత్తం 6.5. మామూలు గాలికి దానికి ఐదు రెట్లు, 32 మీటర్లు. గాలి 20 దాటితే ఏడు రెట్లు, 45 మీటర్లు. చాలామంది ఆ పోటూ, ముందుభాగం ఎత్తూ కలపరు, 4 మీటర్లకి 20 వదిలి ఐదు రెట్లు వేశామనుకుంటారు. నిజానికి అది మూడు రెట్లే.

వేయడం: పడవ పూర్తిగా ఆగాక లంగరు నేలకి దించండి. పడవ గాలికి వెనక్కి జారుతుంటే కొద్దికొద్దిగా గొలుసు వదలండి, కుప్పగా పోయొద్దు. మొత్తం వదిలాక పావుగంట ఏమీ చేయకండి. లంగరు తన బరువుకి బురదలో దిగాలి. తర్వాత రివర్స్‌లో ఐడిల్, ఒక నిమిషం. తర్వాత 1500 ఆర్‌పీఎం, ఒక నిమిషం. ఒడ్డున రెండు గుర్తులు ఒకే వరసలో పెట్టుకుని చూడండి, వరస చెదిరితే జారుతున్నట్టు. జారితే పైకి తీసి మళ్లీ. 33 అడుగుల పడవకి 15, 16 కిలోల లంగరు, 8 మిల్లీమీటర్ల గొలుసు 50 మీటర్లు. మెత్తటి బురదకి డాన్‌ఫర్త్ రకం, వెడల్పు రెక్కలది, నాగలి రకం కన్నా బాగా పట్టుకుంటుంది. రెండో లంగరుగా అదే పెట్టుకోండి.

ఇంకోటి, లేపేటప్పుడు గొలుసుకి అంటిన బురద వాసన భరించలేరు. బకెట్టు, గట్టి బ్రష్షు ముందుభాగంలో సిద్ధంగా ఉంచుకోండి. అలాగే లాకర్‌లో వేస్తే చెన్నై దాకా కోరంగి మీతోనే వస్తుంది.

దీపస్తంభం
అసలు కాకినాడలో ఆగడం ఎందుకు? లోపలికి వచ్చి మళ్లీ బయటికి పోవడానికి 20 మైళ్లు దండగ. చెన్నై దాకా ఒకే బిగిన పోవడమే సుఖం. కానీ సరళ రేఖలో కాదు. విశాఖ నుంచి చెన్నైకి స్కేలు పెట్టి గీస్తే ఆ గీత గోదావరి మొగ బయట చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాల మధ్య నుంచి పోతుంది. ఒక్కోదాని చుట్టూ 500 మీటర్ల లోపలికి ఎవరూ రాకూడదు, కాపలా పడవలు ఉంటాయి, రాత్రి దీపాల గుంపులో ఏది కదిలేదో ఏది కదలనిదో తేల్చుకోలేరు. అందుకని విశాఖ నుంచి ముందు దాదాపు తిన్నగా దక్షిణానికి దిగండి, గోదావరి మొగకి తూర్పుగా 40 మైళ్లు ఉండేలా. 85 మైళ్లు దిగాక చెన్నై వైపు తిరగండి, ఇంకో 248. మొత్తం 333. సరళ రేఖ కన్నా ఎనిమిది మైళ్లే ఎక్కువ. ఎనిమిది మైళ్లకి తలనొప్పి మొత్తం ఎడమ చేత్తో పక్కకి నెట్టేసినట్టు.

మచిలీ_బుల్లోడు
నెడుతున్నది కుడి చేత్తో. దక్షిణానికి పోతుంటే ఒడ్డు, ప్లాట్‌ఫారాలు కుడి పక్కనే కదా గురువుగారూ.

దీపస్తంభం
ఒప్పుకున్నా. కుడి చెయ్యే.

సరంగు_కాకినాడ
40 మైళ్లు బయటికి పోతే వలలు ఉండవనుకోకండి. పెద్ద బోట్లు వారం పది రోజుల వేటకి అంత దూరమూ వస్తాయి. తక్కువ ఉంటాయి, అంతే తేడా.

కొత్త_తెరచాప
వల తగిలితే ఏం చేయాలో ఎవరైనా వరసగా చెప్పండి. అసలు ముందే ఎలా కనిపెట్టాలి?

సరంగు_కాకినాడ
కనిపెట్టడం: పగలు అయితే వరసగా బెండ్లు, కొసన కర్రకి నల్లదో ఎర్రదో గుడ్డ. రాత్రి కొసన మినుకుమనే చిన్న బ్యాటరీ లైటు. ఒక కొసన లైటు, రెండో కొసన బోటు ఉంటుంది. మధ్యలో ఒకటి రెండు కిలోమీటర్లు వల. కాబట్టి లైటుకీ బోటుకీ మధ్య నుంచి పోకూడదు, అదే అందరూ చేసే తప్పు, ఖాళీగా కనిపిస్తుంది కదా అని. బోటు అవతలి పక్క నుంచి పోండి. బోటులో వాళ్లు టార్చి ఊపుతుంటే పలకరింపు కాదు, "ఇటు రావద్దు" అని. వాళ్లు టార్చి ఏ వైపు విసురుతుంటే ఆ వైపు పోండి, వల లేని దారి చూపిస్తున్నారు. ట్రాలర్ అయితే వల దాని వెనక, అర మైలు వదిలి దాటండి.

ఒక మాట. తెరచాప మీద ఉన్నాం కాబట్టి మాకే దారి ఇవ్వాలనుకుంటారు కొందరు. వేటలో ఉన్న బోటుకి తెరచాప పడవే తప్పుకోవాలి, అంతర్జాతీయ నియమం 18 అదే చెబుతుంది.

నట్టు_బోల్టు
తగిలాక:

తెరచాప మీద పోతూ ఉంటే వల కీల్‌కో చుక్కానికో పడుతుంది. షీట్లు (తెరచాపని లాగి పట్టే తాళ్లు) వదిలేసి తెరచాపల్లో గాలి తీసేయండి. ఇంజను మాత్రం స్టార్ట్ చేయొద్దు. సగం మంది ఇక్కడే చెడగొడతారు. బోట్‌హుక్‌తో పై తాడు నీళ్లలోకి కిందికి తోయండి, ఫిన్ కీల్ అయితే చాలాసార్లు జారి వదిలేస్తుంది. వదలకపోతే జిబ్‌ని (ముందు తెరచాపని) ఎదురు పక్కకి లాగి పట్టి పడవని వెనక్కి జరపండి.

ఇంజను మీద పోతూ తగిలితే చప్పుడు మారుతుంది, ఆర్‌పీఎం పడిపోతుంది. వెంటనే న్యూట్రల్, ఆపేయడం. "ఒకసారి రివర్స్ వేస్తే విప్పుకుంటుంది" అనే మాట నమ్మకండి, ఇంకా బిగుస్తుంది. నైలాన్ వేడికి కరిగి షాఫ్టు (ప్రొపెల్లర్ ఇరుసు) చుట్టూ గట్టి ప్లాస్టిక్ కడియం అవుతుంది, తర్వాత దాన్ని ఉలితో చెక్కాలి.

నీళ్లలోకి దిగాల్సి వస్తే ఇంజను తాళం తీసి దిగేవాడి జేబులోనే ఉండాలి. నడుముకి తాడు, కళ్లకి మాస్క్, తలకి హెల్మెట్. నవ్వకండి, కెరటాల్లో పడవ వెనక భాగం మీటరు పైకి లేచి తల మీదకి పడుతుంది. కత్తి పళ్లున్నది, రొట్టె కోసే రకం, పిడికి తాడు కట్టి మణికట్టుకి వేసుకోండి. తాడు కొస వెతికి, చుట్టుకున్న దానికి ఎదురు దిశలో విప్పుతూ, చిక్కిన చోటే కోయండి. రాత్రి దిగొద్దు. గాలి ఉంటే తెరచాప మీదే పోతూ పొద్దున్న చూసుకోండి.

విప్పాక చేయాల్సిన పని ఎవరూ చేయరు: లోపల షాఫ్టు గ్లాండు (షాఫ్టు వెంట నీరు లోపలికి రాకుండా ఆపే బిగింపు) చూడండి. వల లాగిన జోరుకి షాఫ్టు వెనక్కి జరిగి ఉండొచ్చు, కప్లింగ్ బోల్టులు వదులై ఉండొచ్చు. పాత రకం గ్లాండు అయితే షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి. ధారగా వస్తే నట్టు పావు చుట్టు బిగించండి, అంతకన్నా ఎక్కువ బిగిస్తే వేడెక్కి షాఫ్టునే తినేస్తుంది.

మచిలీ_బుల్లోడు
కోసేముందు పక్కన బోటు ఉందేమో పిలిచి చూడండి. ఆ వల ఖరీదు వాళ్ల కొన్ని నెలల సంపాదన. వాళ్లే దిగి ఐదు నిమిషాల్లో విప్పేస్తారు, మీకన్నా బాగా. కోయక తప్పకపోతే పై తాడు ఒక్కటే ఒక చోట కోసి, రెండు కొసలూ మళ్లీ ముడి వేసి వదలండి. తాడు తెగిన వల మునిగిపోతుంది, ముడి వేసిన వల దొరుకుతుంది.

హుస్సేన్‌సాగర్_లేజర్
70 లీటర్లు చాలుతుందా అని ఎవరూ అడగలేదు.

నట్టు_బోల్టు
18 హార్స్‌పవర్ ఇంజను 2200 ఆర్‌పీఎం దగ్గర గంటకి సుమారు 2 లీటర్లు తాగుతుంది. ట్యాంకు అడుగున 10 లీటర్లు పంపుకి అందవు. మిగిలిన 60తో 30 గంటలు, 150 మైళ్లు. పూర్తిగా గాలి పడిపోతే సగం దూరం కూడా రాదు. 20 లీటర్ల డబ్బాలు మూడు అదనంగా పెట్టండి, లోపల కాదు, వెనక డెక్ మీద కట్టి.

అసలు బాధ పరిమాణం కాదు, మురికి. పడవ రేవులో కదలకుండా ఉన్నంత కాలం నీళ్లూ చెత్తా ట్యాంకు అడుగున పేరుకుంటాయి. మన ఉక్కపోతకి డీజిల్, నీరు కలిసే చోట నల్లటి జిగురు పెరుగుతుంది. బయట మొదటి పెద్ద కెరటానికి అదంతా కలిసిపోయి ఫిల్టర్‌కి వస్తుంది, ఇంజను సరిగ్గా రేవు ముఖద్వారంలో ఆగుతుంది. బయలుదేరే ముందే ట్యాంకు మూత విప్పి, చేతి పంపుతో అడుగు నుంచి 5 లీటర్లు గాజు సీసాలోకి తీసి చూడండి. కింద నీటి గీత కనిపిస్తే ట్యాంకు కడగాల్సిందే. బంకు డీజిల్‌ని నీరు ఆపే జల్లెడ గరాటు నుంచే పోయండి.

డీజిల్ దారిలో గాలి చేరితే తీసే వరస: ముందు ప్రైమరీ ఫిల్టర్ మార్చి గిన్నె నిండా శుభ్రమైన డీజిల్ పోయండి. ఇంజను మీది రెండో ఫిల్టర్ పైనున్న చిన్న స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. లిఫ్ట్ పంపు చేతి మీట కొడుతూ ఉండండి. నురగ పోయి ధారగా డీజిల్ వచ్చాక స్క్రూ బిగించండి. మీట మెత్తగా ఉండి ఏమీ రాకపోతే కామ్ పైన ఆగింది, ఇంజనుని చేత్తో ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. తర్వాత ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు సగం చుట్టు వదిలి, స్టార్టర్ ఐదు సెకన్లు. చుక్కలు కక్కగానే బిగించడం. స్టార్టర్‌ని పదే పదే తిప్పేటప్పుడు సముద్రపు నీటి వాల్వు మూసేయండి, లేకపోతే ఎగ్జాస్టులో నీరు నిండి సిలిండర్‌లోకి వెనక్కి వస్తుంది. ఇంజను అందుకోగానే తెరవడం మర్చిపోవద్దు.

విడిభాగాలు: ప్రైమరీ ఫిల్టర్లు నాలుగు (30 మైక్రాన్), రెండో ఫిల్టర్లు రెండు, ఇంపెల్లర్లు (నీటి పంపు లోపలి రబ్బరు రెక్కల చక్రాలు) రెండు, బెల్టు ఒకటి, రాగి వాషర్ల సెట్టు. ఇంపెల్లర్ రెక్క విరిగితే కొత్తది వేసి ఊరుకోవద్దు, విరిగిన ముక్కలు లెక్కపెట్టి వెతకండి, హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర ఉంటాయి. మన రేవుల్లో ఇంజను వేడెక్కడానికి మొదటి కారణం మాత్రం పాలిథిన్ సంచి, నీరు పీల్చే కంతకి అతుక్కుంటుంది.

కొత్త_తెరచాప
దండం నట్టు_బోల్టు గారూ. ప్రింటు తీసి ఇంజను గదిలో అంటిస్తా.

చట్టం_బాబాయ్
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. పడవ రిజిస్ట్రేషన్, బీమా, వీహెచ్‌ఎఫ్ రేడియోకి లైసెన్సు, ముగ్గురి ఆధార్ కార్డులు, ప్రయాణ ప్లాను నకళ్లు. బయలుదేరే ముందు మెరైన్ పోలీసులకి, కోస్ట్ గార్డుకి ప్లాను రాసి ఇవ్వండి: పడవ రంగు, తెరచాప నంబరు, మనుషులు, బయలుదేరే టైము, చేరే టైము. దారిలో ఎవరైనా పిలిచి అడిగితే అదే కాగితం చదివి వినిపించండి. సముద్రంలో ఆపద అయితే 1554 కోస్ట్ గార్డు, 1093 తీర భద్రత. సెల్ సిగ్నల్ పది పదిహేను మైళ్ల తర్వాత పోతుంది, అక్కడి నుంచి వీహెచ్‌ఎఫ్ 16వ ఛానలే.

శాటిలైట్ ఫోను, శాటిలైట్ మెసేజ్ పరికరం టెలికాం శాఖ అనుమతి లేకుండా పెట్టుకోవద్దు. విదేశాల నుంచి వచ్చిన చుట్టం ఇచ్చాడని బ్యాగులో వేసుకున్నా కేసే. బదులుగా 406 మెగాహెర్ట్జ్ ఈపిర్బ్ (ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం) పెట్టుకుని బెంగళూరులోని ఇస్రో మిషన్ కంట్రోల్ సెంటర్‌లో రిజిస్టర్ చేయించండి. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే పాత దేశం కోడ్ మార్పించాలి. ఏఐఎస్‌కి (పడవ ఎక్కడుందో చుట్టుపక్కల ఓడలకి చూపే పరికరం) కూడా అంతే, మన ఎంఎంఎస్ఐ (రేడియో గుర్తింపు) నంబరు 419తో మొదలవ్వాలి.

విశాఖ బయట నౌకాదళం కాల్పుల సాధన ఉంటుంది, శ్రీహరికోట ముందు రాకెట్ రోజుల్లో సముద్రం మూసేస్తారు. రెండూ నావేరియా 8 (మన సముద్ర ప్రాంతం) హెచ్చరికల్లో వస్తాయి. బయలుదేరే రోజు పొద్దున్న చూసుకోండి.

లంకావి_బాబు
నేనూ ఆ మెసేజ్ పరికరం వెంట తెద్దామనుకున్నా. బతికించారు బాబాయ్.

ఈశాన్యం
వాతావరణం మూడు చోట్ల చూడండి. ఇన్‌కాయిస్ (మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే కెరటం ఎత్తు, స్వెల్ (దూరం నుంచి వచ్చే కెరటం) దిశ. వాతావరణ శాఖ విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం బులెటిన్. రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరు. ఒకటో నంబరు అంటే దూరాన వాయుగుండం ఉందని, రెండు అంటే దూరాన తుఫాను ఉందని, మూడు అంటే రేవుకే ఈదురుగాలి బెడద. ఒకటి కనిపించినా బయలుదేరకండి.

వాలుగాలిలో మోసం ఒకటుంది. వెనక నుంచి 20 నాట్ల గాలి, పడవ 6 నాట్లు పోతుంటే ముఖానికి 14 మాత్రమే తగులుతుంది. హాయిగా ఉందనిపిస్తుంది. అసలు గాలి 18 చూపించగానే మెయిన్ (పెద్ద తెరచాప) కుదించండి, చీకటి పడేలోపు అయితే గాలి లేకపోయినా ఒక రీఫ్ (ఒక మడత కుదింపు). కుదించే వరస: పడవని కాస్త గాలి వైపు తిప్పడం, మెయిన్ షీటు వదలడం, హాల్యార్డ్ (తెరచాపని ఎత్తే తాడు) గుర్తు దాకా దించడం, ముందు కన్నం కొక్కేనికి, హాల్యార్డ్ మళ్లీ బిగించడం, తర్వాత వెనక రీఫ్ తాడు లాగడం. వెనకది ముందు లాగితే గుడ్డ చిరుగుతుంది. పూర్తి వాలులో బూమ్‌కి (మెయిన్ అడుగు కర్రకి) ముందు వైపు నుంచి అడ్డుతాడు తప్పనిసరి, కెరటానికి పడవ ఊగి బూమ్ ఒక్కసారి అటు నుంచి ఇటు వస్తే తల పగులుతుంది.

గుంటూరు_కారం
ముగ్గురు మూడు రాత్రులు ఏం తింటారో అది చెప్పండి ముందు.

లంగరు_లక్ష్మి
మొదటి రోజు పులిహోర, ముందే చేసి పెట్టుకుంటే రాత్రి దాకా పాడవదు, వాంతి వచ్చేవాడికీ దిగుతుంది. తర్వాత ప్రెషర్ కుక్కర్ ఒక్కటే గిన్నె: మూత బిగించి ఉంటుంది కాబట్టి పడవ ఊగినా ఒలకదు. కిచిడీ, ఉప్మా. పచ్చళ్లు గాజు సీసాలో వద్దు. నూనెలో వేయించేవి ఏవీ వద్దు. నీళ్లు మనిషికి రోజుకి 4 లీటర్లు తాగడానికే, ముగ్గురికి నాలుగు రోజులకి 48, దానికి సగం అదనం: 72. ఒకే ట్యాంకులో కాదు, 5 లీటర్ల డబ్బాల్లో. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పాతిక.

గుంటూరు_కారం
మిరపకాయ బజ్జీ లేదన్నమాట. నేను రాను.

కొత్త_తెరచాప
అయితే జనవరి, కాకినాడలో ఆగకుండా, గోదావరికి 40 మైళ్లు బయట నుంచి 333 మైళ్లు. మూడు గంటల చొప్పున ఒక్కొక్కరం కాపలా. మధ్యాహ్నం 12కి విశాఖ వదిలితే 5 నాట్లతో 67 గంటలు, మూడు రాత్రులు గడిచాక పొద్దున్న 7కి చెన్నై. సరిపోతుందా?

దీపస్తంభం
గాలి బాగుండి 6 నాట్లు వస్తే మూడో రాత్రి 7:30కే చేరిపోతారు, అది మంచిది కాదు. ఎన్నూరు, చెన్నై ముందు లంగరు వేసిన ఓడల గుంపులోకి చీకట్లో పోవద్దు. 25 మైళ్లు బయటే పడవని నిలబెట్టి తెల్లారే దాకా ఉండండి: జిబ్‌ని గాలి వైపు లాగి కట్టడం, మెయిన్ లోపలికి, టిల్లర్ (చుక్కాని పిడి) గాలికి అవతలి పక్కకి తోసి కట్టడం. ముక్కు కాస్త గాలి వైపు పెట్టి నెమ్మదిగా పక్కకి జారుతూ ఉంటుంది, ఇద్దరు నిద్రపోవచ్చు, ఒకరు మేలుకోవాలి. పులికాట్, ఆర్మగాన్ వైపు ఒడ్డు దగ్గర ఇసుక తిన్నెలున్నాయి, ఆ వైపు 20 మీటర్ల లోతు గీత దాటి లోపలికి రావద్దు.

చెన్నైలో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ పోర్టు ప్రహరీ లోపల ఉంది. ముందే రాసి అనుమతి తెచ్చుకోండి, ముఖద్వారం దగ్గరికి వచ్చాక అడగడం కాదు.

సరంగు_కాకినాడ
అంతా బాగుంది. కాకినాడలో ఆగనన్నారు, ఆగాల్సి రావచ్చు కదా, అందుకని అడుగుతున్నా. 1.6 డ్రాఫ్ట్ కాగితం మీదదా, నీళ్లూ డీజిలూ ముగ్గురు మనుషులూ ఎక్కాక కొలిచిందా?

కొత్త_తెరచాప
కాగితం మీదదే.

సరంగు_కాకినాడ
అన్నీ ఎక్కించాక పక్క నుంచి సీసం కట్టిన తాడు కీల్ అడుగు దాకా వదిలి, ఇంకొకరు నీళ్లలో దిగి తాకించి కొలవండి. నీటి గీత మునిగి ఉంటే 1.7 ఉంటుంది. లోతు మీటర్‌లో ఆ తేడా కూడా సరిచేయండి, అది ఎక్కడి నుంచి కొలుస్తుందో ఎవరూ చూడరు.

కొత్త_తెరచాప
ఆదివారం కొలిచి ఇక్కడే రాస్తా.